61 రోల్స్ అయ్యాయి, 62వది అడుగుతున్నారు: పర్మిషన్లు మళ్లీ ఎక్కడినుంచి మొదలుపెట్టాలి?

హెచ్‌ఎస్‌ఆర్ అనంతపురం అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. పెద్ద పోస్టు, ముందే చెప్తున్నా. టీ తెచ్చుకుని చదవండి.

నేను బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక చిన్న కంపెనీలో బ్యాకెండ్ చూస్తాను. మొత్తం నలభై మందిమి, నా టీమ్‌లో ఆరుగురు. కంపెనీలు లోపల వాడుకునే సాఫ్ట్‌వేర్ మాది. చానెళ్లు, పేజీలు, ఫైళ్లు, టాస్కులు అన్నీ ఒకేచోట ఉంటాయి. మొదటి రెండేళ్లు వచ్చిన కస్టమర్లంతా యాభై మంది, వంద మంది ఉండే ఆఫీసులే. అప్పుడు ఒక శనివారం మధ్యాహ్నం నేనే కూర్చుని పర్మిషన్లు, అంటే ఎవరు ఏది చూడొచ్చు, ఏది మార్చొచ్చు అనే కోడ్, రాసేశాను. ఓనర్, అడ్మిన్, మెంబర్, గెస్ట్ అని నాలుగు రోల్స్, అంటే హోదాలు. ఒక టేబుల్, అందులో మూడు కాలమ్స్: ఎవరు, ఏ వర్క్‌స్పేస్, ఏ రోల్. భలే కుదిరిందని మురిసిపోయి, సాయంత్రం టీమ్ అందరికీ ఓళిగలు కూడా కొనిచ్చాను.

నిరుడు ఒక పెద్ద కస్టమర్ వచ్చారు. యంత్రాల విడిభాగాలు తయారుచేసే సంస్థ. హోసూరు, పీణ్య, శ్రీసిటీల్లో ప్లాంట్లు. 2,800 మంది యూజర్లు. వాళ్ల మొదటి కోరిక న్యాయమైనదే: హోసూరు పర్చేజ్ వాళ్లు పీణ్య పర్చేజ్ పేజీలు చూడొచ్చు, మార్చకూడదు. సరేనని ఒక రోల్ కలిపాను. తర్వాత శ్రీసిటీ వాళ్లు కూడా అదే అడిగారు. తర్వాత 'పర్చేజ్ మెంబర్, హోసూరు, ధరలు తప్ప' అని ఒకటి వచ్చింది. నమ్మండి, అది నిజంగానే మా డేటాబేస్‌లో ఒక రోల్ పేరు. ఇప్పటికి 61 అయ్యాయి. పోయిన వారం 62వది అడిగారు: 'ఆడిటర్, శ్రీసిటీ మాత్రమే, మూడు నెలలే'. కోడ్‌లో 'ఈ రోల్ అయితే' అని రాసిన ఇఫ్ షరతులు వెతికితే 143 చోట్ల తేలాయి. కొన్ని నేను రాసినవే. ఎందుకు రాశానో నాకే గుర్తులేదు.

రోల్స్ పెరగడం వరకే అయితే ఓర్చుకునేదాన్ని. మూడు నెలల్లో మూడు జరిగాయి.

మొదటిది. ఆ సంస్థకు డైలు చేసిచ్చే ఒక వెండర్‌ను ఒకే ఒక చానెల్‌లో గెస్ట్‌గా చేర్చారు. ఆయన తన బిల్లు ఎక్కడుందో చూసుకుందామని సెర్చ్‌లో సొంత కంపెనీ పేరు కొట్టాడు. ఒక పేజీ వచ్చింది. నొక్కితే 'మీకు అనుమతి లేదు' అంది. అంటే నా కోడ్ పనిచేసింది! కానీ పేజీ పేరు కనిపించిందిగా: 'మార్చి తర్వాత ఆపేయాల్సిన సప్లయర్లు'. కింద రెండు లైన్ల ప్రివ్యూ, అందులో ఆయన కంపెనీ పేరు పసుపు రంగులో మెరుస్తూ. ఆయన నేరుగా పర్చేజ్ మేనేజర్‌కు ఫోన్ చేశాడట. ఆ మేనేజర్ మాకు చేశాడు. ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను సిల్క్ బోర్డ్ సిగ్నల్ దగ్గర బస్సులో ఉన్నాను, దిగడానికి లేదు, ల్యాప్‌టాప్ తీయడానికి లేదు. గంట సేపు ఒకటే టెన్షన్.

రెండోది. ఒకతను శుక్రవారం ఉద్యోగం మానేశాడు. వాళ్ల ఐటీ వాళ్లు సింగిల్ సైన్ ఆన్‌లో (అన్ని సాఫ్ట్‌వేర్‌లకూ ఒకే లాగిన్) అకౌంట్ మూసేశారు. కానీ అతను ఎప్పుడో చేసుకున్న ఏపీఐ టోకెన్ (లాగిన్ కాకుండానే ప్రోగ్రాములు లోపలికి రావడానికి వాడే తాళంచెవి) 19 రోజులు పనిచేస్తూనే ఉంది. అతను వాడలేదు, ఒక పాత స్క్రిప్ట్ వాడుతోంది. అయినా అది మా అదృష్టమే కానీ మా గొప్పతనం కాదు.

మూడోది చెప్పడానికే సిగ్గుగా ఉంది. నా పర్మిషన్ ఫంక్షన్‌లో మొదటి లైన్ ఏంటంటే, అడ్మిన్ అయితే ట్రూ. అంతే. వాళ్ల ఐటీ డెస్క్‌లో పాస్‌వర్డ్‌లు రీసెట్ చేసే కుర్రాడు కూడా అడ్మినే కదా, హెచ్‌ఆర్ వాళ్ల ఇంక్రిమెంట్ పేజీలన్నీ అతనికి తెరిచినట్టే. ఇది కనిపెట్టింది హెచ్‌ఆర్ హెడ్, మేం కాదు.

నా ప్రశ్నలు. రోల్స్ వదిలేసి డిపార్ట్‌మెంట్, ప్లాంట్ లాంటి వివరాలతో రూల్స్ రాసే పద్ధతికి పోవాలా? గూగుల్ తన అనుమతుల వ్యవస్థ జాంజిబార్ గురించి రాసిన పేపర్ చదివాను, ఆరుగురం ఉన్న టీమ్‌కు అది ఏనుగును పెంచడం అవుతుందా? కస్టమర్ సెక్యూరిటీ వాళ్లు 'ఫలానా వాళ్లకు వద్దు' అనే డినై రూల్ కావాలని పట్టుబడుతున్నారు, ఇవ్వొచ్చా? అడ్మిన్ అన్నీ చూడకూడదంటే, రేపు ఎవరైనా ఉన్నట్టుండి వెళ్లిపోతే వాళ్ల పేజీలు ఎవరు తీయాలి?

దయచేసి 'ఫలానా ప్రొడక్ట్ కొనండి' అని మాత్రం చెప్పకండి. బడ్జెట్ లేదు.

కోనసీమ టు వైట్‌ఫీల్డ్:

మీ 61 చూసి నవ్వొచ్చిందండి, తప్పుగా అనుకోకండి. నేను పదకొండేళ్లుగా ఈ లాగిన్లు, పర్మిషన్ల పనిలోనే ఉన్నాను. ఒకచోట 400 దాటిన రోల్స్ చూశాను. అక్కడ రోల్స్ కంటే మనుషులు తక్కువ.

ముందు ఒక మాట. మీరు రోల్ అనే ఒక్క డబ్బాలో రెండు వేర్వేరు వస్తువులు పోస్తున్నారు. మనిషి ఏం చేయగలడు అన్నది ఒకటి. దేనిమీద చేయగలడు అన్నది ఇంకొకటి. 'మార్చగలడు' అన్నది మొదటిది. 'హోసూరు పర్చేజ్ ఫోల్డర్' రెండోది. రెండూ కలిపి పేరు పెడితే ప్లాంట్లు ఇన్ని, శాఖలు ఇన్ని, పనులు ఇన్ని అని గుణించుకుంటూ పోవాల్సిందే. ఇది మీ ఒక్కరి తలనొప్పి కాదు. ఫెరాయోలో, కూన్ అనే ఇద్దరు 1992లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ నుంచి రోల్ పద్ధతిని ప్రతిపాదించారు. 1996లో సంధు, ఆయన సహచరులు దాన్ని మోడల్స్‌గా విడదీశారు. రోల్ అంటే సంస్థలో ఒక ఉద్యోగం, ఒక బాధ్యత అన్నది వాళ్ల ఆలోచన. అకౌంటెంట్, క్యాషియర్, డాక్టర్ లాంటివి. 'ఈ ఒక్క పేజీ ఆవిడకు చూపించు' అనేది రోల్ కాదు, అది చుట్టరికం. మీ సాఫ్ట్‌వేర్‌లో రోజూ జరిగేది ఎక్కువగా ఆ చుట్టరికాలే.

మా వైపు పెళ్లిళ్లలో ఉగ్రాణం అని ఒక గది ఉంటుంది. బియ్యం, నెయ్యి, బెల్లం, అరటిగెలలు అన్నీ అందులోనే. తాళంచెవి మా మేనత్త కొంగుకు ఉండేది. ఆవిడ పదవి ఏంటని ఎవరూ అడగరు. పెళ్లికూతురికి ఆవిడ ఏమవుతుంది, వంటవాళ్లు ఎవరి తాలూకు, ఇదే లెక్క. వంటాయన వచ్చి నెయ్యి అడిగితే ఇస్తుంది. అదే ఆయన తమ్ముడొచ్చి అడిగితే 'నిన్నెవరు పంపారు' అంటుంది. ఆ 'ఎవరు పంపారు' అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగితే మీ డిజైన్ సగం అయిపోయినట్టే.

జాంజిబార్ పేపర్ 2019లో వచ్చింది. గూగుల్ డ్రైవ్, క్యాలెండర్, యూట్యూబ్ లాంటివన్నీ అనుమతులు దాన్నే అడుగుతాయి, సెకనుకు లక్షల్లో ప్రశ్నలు. మీకు ఆ యంత్రం అక్కర్లేదు, ఆ వ్యాకరణం చాలు. ఒక్కో అనుమతి మూడు ముక్కల వాక్యం: వస్తువు, సంబంధం, మనిషి లేదా గుంపు. 'పేజీ 812, చూసేవారు, హోసూరు పర్చేజ్ సభ్యులు.' 'ఫోల్డర్ 40, మార్చేవారు, పీణ్య పర్చేజ్ సభ్యులు.' దాని మీద ఒకటి రెండు సూత్రాలు: ఫోల్డర్ చూసేవారు అందులోని పేజీలూ చూస్తారు, మార్చగలిగినవారు చూడగలరు. మీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోనే ఒక టేబుల్ పెట్టి, గుంపులో గుంపును విప్పుకుంటూ పోయే రికర్సివ్ క్వెరీతో నడపండి. 2,800 మందికి దర్జాగా సరిపోతుంది. ఎప్పుడో చాలకపోతే ఓపెన్‌ఎఫ్‌జీఏ, స్పైస్‌డీబీ అని అదే వ్యాకరణంతో ఉచితంగా దొరికేవి ఉన్నాయి, అప్పుడు మారండి. మీ ఆడిటర్‌కు కూడా రోల్ వద్దు. అదే వాక్యానికి గడువు తేదీ అని ఇంకో కాలమ్, అంతే.

ఆ పేపర్‌లో చాలామంది చదవకుండా దాటేసే సంగతి ఒకటుందండి, దాన్ని 'కొత్త శత్రువు' సమస్య అన్నారు. మీ వెండర్‌తోనే చెప్తాను. పది గంటలకు ఆయన్ను ఫోల్డర్‌లోంచి తీసేశారు. పది గంటల ఒక నిమిషానికి అందులో కొత్త రేట్ల షీట్ పెట్టారు. మీ క్యాష్‌లో (వేగం కోసం దాచుకున్న కాపీలో) అయిదు నిమిషాల కిందటి పర్మిషన్లు ఉన్నాయి. ఆయన రిఫ్రెష్ కొట్టాడు. తీసేసిన తర్వాత పెట్టిన షీటు, తీసేయకముందు ఉన్న అనుమతితో తెరుచుకుంటుంది! గూగుల్ వాళ్లు దీనికోసం కంటెంట్ మారినప్పుడల్లా ఒక చీటీ రాసి దాంతోపాటే దాస్తారు, అనుమతి చూసేటప్పుడు కనీసం ఆ చీటీ నాటికైనా తాజాగా ఉన్న సమాచారంతోనే చూడాలని. మీరు పర్మిషన్ టేబుల్‌కు పెరుగుతూ పోయే ఒక వెర్షన్ నంబర్ పెట్టండి. పేజీ సేవ్ అయినప్పుడు అప్పటి నంబర్‌ను పేజీలోనే రాయండి. క్యాష్ అంతకంటే పాతదైతే పారేసి డేటాబేస్‌నే అడగండి. నేనైతే మొదటి ఆరు నెలలు క్యాషే పెట్టను.

గెస్ట్ విషయం. గెస్ట్‌ను రోల్‌గా చూడకండి, కంచెగా చూడండి. 'ఈ చానెల్, ఈ ఫోల్డర్, ఇంతవరకే' అని వెండర్ చుట్టూ ఒక గీత. లోపలి మనిషి ఎవరైనా పొరపాటున ఇంకేదో షేర్ చేసినా, ఇచ్చిన అనుమతి, కంచె రెండూ ఒప్పుకుంటేనే తలుపు తెరుచుకోవాలి. మీ సెక్యూరిటీ వాళ్లు అడిగే డినైలలో ముప్పాతిక వంతు నిజానికి ఈ కంచె కోసమేనని నా అనుమానం. వాళ్లనే అడిగి చూడండి.

సెర్చ్ గురించి ఒక్క ముక్క: సెర్చ్ వెతికే జాబితా, అంటే ఇండెక్స్‌లో ప్రతి పేజీతోపాటు దాన్ని చూడగల గుంపుల ఐడీలు పెట్టండి, మనిషి ఐడీలు వద్దు, ఎవరైనా శాఖ మారిన ప్రతిసారీ వేల పేజీలు తిరగరాయాల్సి వస్తుంది. మనిషి వెతికినప్పుడు అతని గుంపుల జాబితాతో వడపోసి, స్క్రీన్ మీదకు వెళ్లే ఇరవైని మాత్రం అసలు పర్మిషన్ ఫంక్షన్‌తో మళ్లీ సరిచూడండి. మొత్తం 37 దొరికాయి, 20 చూపిస్తున్నాం అని మాత్రం రాయకండి. ఆ 17 కూడా లీకే.

ఎలక్ట్రానిక్ సిటీ నైట్ షిఫ్ట్:

కోనసీమ అన్న చెప్పినదానితో నాకు పేచీ లేదు. డినై సంగతి మాత్రం నేను చెప్తా, తొమ్మిదేళ్లు విండోస్ ఫైల్ సర్వర్లు కాసినవాణ్ణి.

అక్కా, డినై ఇవ్వద్దు.

విండోస్‌లో క్రమం ఎలా ఉంటుందో తెలుసా? ముందు ఆ ఫైలు మీదే పెట్టిన డినై, తర్వాత ఆ ఫైలు మీదే పెట్టిన అలౌ, ఆ తర్వాత పైఫోల్డర్ నుంచి దిగొచ్చిన డినై, చివర్లో దిగొచ్చిన అలౌ. అంటే పైన ఫోల్డర్ మీద 'వీళ్లకు వద్దు' అని కొట్టి నిశ్చింతగా పడుకుంటే, కింద ఎవడో ఒక ఫైలు మీద నేరుగా అలౌ పెడితే అదే గెలుస్తుంది. డినై ఎప్పుడూ గెలుస్తుందని సగంమంది అడ్మిన్‌లు నమ్ముతారు, నేనూ నమ్మాను. అదే అమెజాన్ క్లౌడ్‌లో అయితే స్పష్టంగా పెట్టిన డినై ఎప్పుడూ గెలుస్తుంది. మీ కస్టమర్ల ఐటీలో రెండు రకాల అలవాట్ల వాళ్లూ ఉంటారు. మీరు ఏది పెట్టినా సగంమందికి తప్పుగానే తోస్తుంది.

ఇంకోటి, రాత్రి రెండింటికి ఫోన్ వస్తుంది, 'ఫైల్ తెరుచుకోవట్లేదు' అని. గుంపులో గుంపు, ఆ గుంపులో ఇంకో గుంపు, ఎక్కడో ఒక డినై. దొరకదు. విసిగిపోయి ఎవడో ఒకడు 'ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్' కొట్టి ఇంటికి పోతాడు. నేను చూశాను. సరే, ఒకసారి నేనే కొట్టాను.

సాల్ట్‌జర్, ష్రోడర్ అనే కంప్యూటర్ భద్రత పరిశోధకులు 1975లోనే రాసిపెట్టారు, ఎవరిని ఆపాలి అని కాకుండా ఎవరికి ఇవ్వాలి అన్నదాని మీదే నిర్ణయం ఉండాలని. ఏమీ రాయకపోతే వద్దు అని అర్థం. 'అందరికీ ఉంది, ఈ ఫోల్డర్ మాత్రం అయిదుగురికే' అనాలంటే ఒక తాళం గుర్తు ఇవ్వండి. నొక్కగానే పైనుంచి దిగొచ్చే అనుమతులన్నీ అక్కడ తెగిపోవాలి, కొత్త జాబితా మొదలవ్వాలి. ఆ తాళం ఫోల్డర్ పేరు పక్కనే కనిపిస్తూ ఉండాలి. కానీ అదీ ప్రతి పేజీకి వద్దు. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఫైళ్ల సాఫ్ట్‌వేర్ షేర్‌పాయింట్‌లో ఒక లైబ్రరీలో ఇలా విడగొట్టుకున్నవి 50,000 దాటకూడదు, 5,000 లోపే ఉంచమని మైక్రోసాఫ్టే సలహా ఇస్తుంది. వాళ్లకే అంత కష్టమైతే మనమెంత.

టోకెన్ సంగతి: మనుషుల రాకపోకలు కస్టమర్ డైరెక్టరీ నుంచే స్కిమ్ (యూజర్ల జాబితాను ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి పంపే పద్ధతి) ద్వారా రానివ్వండి. 2015 నుంచి ఉన్న ప్రమాణమే, పెద్ద కంపెనీలు ఎలాగూ అడుగుతాయి. ఒక చిక్కుంది. మానేసినవాణ్ణి తీసేయమని సాధారణంగా డిలీట్ రాదు, 'యాక్టివ్ ఫాల్స్' అని వస్తుంది. దానికి మీ వైపు సెషన్లు, మొబైల్ లాగిన్, టోకెన్లు అన్నీ ఒకేసారి చావాలి. మైక్రోసాఫ్ట్ వాళ్ల లాగిన్ డైరెక్టరీ ఎంట్రా అయితే సుమారు 40 నిమిషాలకొకసారి పంపుతుంది, కాబట్టి 'ఇప్పుడే ఆపు' అనే బటన్ వేరుగా ఉండాలి. ఆ పాత స్క్రిప్ట్ లాంటివాటికి మనిషి పేరు మీద టోకెన్ ఇవ్వకండి, బాట్ అకౌంట్ ఇచ్చి దానికి ఒక శాఖను బాధ్యులుగా పెట్టండి.

బన్నేరుఘట్ట క్యూఏ:

టెస్టర్‌ను. ఒకే మాట చెప్పి వెళ్తాను. వెండర్ సంగతి సెర్చ్ బగ్ అని మూసేయకండి. పేజీ బయటికి రావడానికి ఎన్ని తలుపులున్నాయో ఒక కాగితం మీద రాయండి. సెర్చ్, సెర్చ్ టైప్ చేస్తుండగా వచ్చే సూచనలు, ఈమెయిల్ నోటిఫికేషన్, ఫోన్ లాక్ స్క్రీన్ మీద పుష్, చానెల్‌లో లింక్ పెడితే తెరుచుకునే చిన్న ప్రివ్యూ, పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్, ఫైల్ డౌన్‌లోడ్ లింక్, పాత వెర్షన్ల చరిత్ర, చెత్తబుట్ట, 'ఇటీవల చూసినవి', ఇప్పుడు కొత్తగా ఏఐ సారాంశం. నేను పక్కపక్కనే రెండు బ్రౌజర్లు పెట్టుకుంటాను, ఒకదాంట్లో అన్నీ ఉన్న మనిషి, ఇంకోదాంట్లో ఏమీ లేని మనిషి. మొదటామెతో పేజీకి ఎవరికీ తట్టని ఒక పిచ్చి పదం పేరుగా పెట్టి, రెండో ఆమెతో ప్రతి తలుపూ తడతాను. పోయినసారి చెత్తబుట్టలో దొరికింది. వెబ్ భద్రత సంస్థ ఓవాస్ప్ 2021 జాబితాలో ఈ యాక్సెస్ తప్పులు అయిదో స్థానం నుంచి మొదటి స్థానానికి ఎక్కాయి, అందులో నాకేమీ ఆశ్చర్యం లేదు.

హెచ్‌ఎస్‌ఆర్ అనంతపురం:

ముగ్గురికీ చాలా థ్యాంక్స్. రిప్లై ఇవ్వడానికి ఆరు వారాలు పట్టింది. ఊరికే కూర్చోలేదు లెండి.

కోనసీమ అన్న మాట విని ముందు కోడ్ ముట్టుకోకుండా హోసూరు వెళ్లాను. పర్చేజ్ వాళ్ల పక్కన రెండు రోజులు కూర్చున్నాను. ఒక్కరు కూడా రోల్ అనే మాట వాడలేదు. 'ఆ ఫైలు మాది', 'ఆమె మా లైన్‌లోనే ఉంటుంది', 'అతన్ని పీణ్య వాళ్లు పంపారు' ఇవే మాటలు. మీ మేనత్త గారే గుర్తొచ్చారు. సెక్యూరిటీ వాళ్లు ఇచ్చిన 23 డినై కోరికలు ముందు పెట్టుకుని ఒక్కోటి ఎందుకని అడిగితే, 17 కంచెతో తీరిపోయాయి, అయిదు తాళం గుర్తుతో. మిగిలిన ఒకటి ఎవరి మీదో విచారణ నడుస్తుందట, ఎవరో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ మనిషిని గుంపులోంచి తీసి విడిగా ఇవ్వాల్సినవి ఇచ్చుకోమన్నాను. గునిశారు కానీ ఒప్పుకున్నారు.

61 రోల్స్ పోయి అయిదు మిగిలాయి. అందులో అడ్మిన్‌ను రెండుగా చీల్చాను. ఒకరు మనుషుల్ని, సెట్టింగుల్ని చూసుకుంటారు, పేజీలు చదవలేరు. ఇంకొకరు, ఉన్నట్టుండి ఎవరైనా వెళ్లిపోతే వాళ్ల పేజీ యాజమాన్యం తీసుకోవచ్చు, కానీ కారణం రాయాలి, ఆ శాఖ అధిపతికి వెంటనే మెయిల్ వెళ్తుంది, లాగ్‌లో పడుతుంది, దాన్ని ఆ అడ్మిన్ కూడా చెరపలేడు. హెచ్‌ఆర్ హెడ్ దీన్ని రెండుసార్లు చేసి చూపించమని అడిగారు. లాగ్ ఎన్నాళ్లు ఉంచాలన్నది ఇంకో గొడవ. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్‌ఇన్ 2022 ఆదేశాల్లో 180 రోజులు అని ఉంది, కొత్త డేటా రక్షణ నిబంధనల్లో ఏడాది. ఏడాదికే పెట్టేశాం, స్టోరేజ్ ఖర్చు గురించి మా ఫౌండర్ ముఖం ఇంకా అలాగే ఉంది.

నాకు బాగా నచ్చింది మాత్రం చిన్న పని. 'ఎందుకు' అనే బటన్. పర్మిషన్ ఫంక్షన్ అవును, కాదు అని ఊరుకోకుండా ఏ దారిన వచ్చిందో కూడా చెప్తుంది: 'మీరు హోసూరు పర్చేజ్ సభ్యులు, ఆ గుంపు ఫోల్డర్ 40 చూడగలదు, ఈ పేజీ ఫోల్డర్ 40లో ఉంది.' సపోర్ట్ టికెట్లలో 'నాకెందుకు కనిపించట్లేదు' అనేవి దాదాపు ఆగిపోయాయి. దానికంటే, 'ఇతనికెందుకు కనిపిస్తోంది' అని వాళ్లే వెతుక్కోవడం మొదలుపెట్టారు. ఎప్పుడో 2 నెలల ప్రాజెక్టుకని చేర్చి మర్చిపోయిన వాళ్లు గుంపుల్లోంచి వాళ్లంతట వాళ్లే బయటపడ్డారు.

మార్పు ఒక్కసారిగా చేయలేదు. మూడు వారాలు పాత కోడ్ జవాబే వాడుతూ, కొత్తది పక్కన లెక్కేసి, తేడా వస్తే రాసుకున్నాం. మొదటి రోజు 412 తేడాలు. ఎక్కువ భాగం పాతది తెరిచేసి కొత్తది మూసేసినవి, అవి చూసి సంతోషమే. తొమ్మిది మాత్రం తిరగబడ్డాయి, పాతది మూస్తే కొత్తది తెరుస్తోంది. ఆ రాత్రి నిద్రలేదు. చూస్తే, గెస్ట్ ఒక గుంపులో ఉండి ఆ గుంపు ఇంకో గుంపులో ఉంటే, నేను కంచెను గుంపులు విప్పకముందే సరిచూస్తున్నాను. విప్పిన తర్వాత చూడాలి. రెండు లైన్లు కిందకు జరిపితే తొమ్మిదీ పోయాయి.

క్యూఏ గారూ, మీ పిచ్చి పదం ఆట మేమూ ఆడాం. మా పదం 'ఉగ్గానిబజ్జి'. లాక్ స్క్రీన్ పుష్‌లో దొరికింది.

ఒకటి ఇంకా తేలలేదు. పర్చేజ్ నుంచి క్వాలిటీకి బదిలీ అయినామె పాత గుంపులోంచి దానంతటదే పోతుంది, బాగానే ఉంది. కానీ పర్చేజ్‌లో ఉండగా ఆమె స్వయంగా చేసిన పేజీలకు ఓనర్ ఆమే కదా. తీసేస్తే 'నేను రాసుకున్నదే నాకు లేదా' అంటుంది, ఉంచితే రేట్లన్నీ ఆమె దగ్గరే ఉంటాయి.

కోనసీమ టు వైట్‌ఫీల్డ్:

పేజీ ఓనర్ మనిషి కాకూడదండి, ఫోల్డరే ఓనర్. మనిషి పేరు 'రాసినవారు' అని కాగితం మీద ఉంటుంది, తాళంచెవి మాత్రం ఉండదు. సొంత చిత్తుప్రతులకు ఆమెకో విడి ఫోల్డర్ ఇవ్వండి, అది ఆమెతోపాటే వెళ్తుంది. గూగుల్ షేర్డ్ డ్రైవ్‌లలో కూడా ఫైళ్లు మనిషివి కావు, టీమ్‌వి. అవునూ, ఆ ఆడిటర్ ఏమయ్యారు?

హెచ్‌ఎస్‌ఆర్ అనంతపురం:

మూడు నెలలు అడిగినవాళ్లు చివరికి ఒక నెల చాలన్నారు. గడువు పోయిన నెల 31 పెట్టాం. ఒకటో తేదీ పొద్దున్నే తొమ్మిదికి ఫోన్, 'మీ సాఫ్ట్‌వేర్ పనిచేయడం లేదు' అని. ఎందుకు బటన్ నొక్కమన్నాను. కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఇంకో వారం పొడిగించమన్నారు. అడగాల్సింది నన్ను కాదు సార్, శ్రీసిటీ ఫైనాన్స్ వాళ్లను అని చెప్పి పెట్టేశాను. పావుగంటలో వాళ్లే పొడిగించుకున్నారు. మా వైపు నుంచి ఎవరూ వేలు పెట్టలేదు.